పూజలో పెట్టిన పిన్ను

పికప్పు వెనక తొట్టిని కోసి పారేద్దామని బిచ్చయ్య అన్న రోజు, విజయేందర్ అతన్ని షెడ్డులోంచి గెంటేసినంత పని చేశాడు.

"కోసుడేంది కాకా? తొట్టి లేకపోతే అది పికప్పెట్లయితది?"

"కాదు. ఇగ పికప్పు కాదనే చెప్తున్న." బిచ్చయ్య బీడీ ఆర్పి చెవి మీద దోపుకున్నాడు. "దాని పని మోసుడు కాదు సేటూ, లాగుడు. మోసే బండి తీరు వేరు, లాగే బండి తీరు వేరు. రెండూ కావాలంటే రెండిట్లకూ పనికిరాదు."

నాంపల్లి స్టేషన్ వెనక సందులో విజయేందర్‌కు జనరేటర్లు కిరాయికిచ్చే షెడ్డుంది. పెళ్లిళ్లు, మీటింగులు, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో స్టాళ్లు, ఎక్కడ కరెంటు చాలకపోతే అక్కడికి అతని జనరేటర్ వెళ్తుంది. నాలుగు జనరేటర్లూ చక్రాల ట్రైలర్ల మీద బిగించి ఉంటాయి. షెడ్డులో అందరూ వాటిని ట్రాలీలంటారు. ఇన్నాళ్లూ వాటిని లాగడానికి ట్రాక్టర్లను పిలిచేవాడు. పెళ్లి ముహూర్తం దాటాక, వధూవరులు అరుంధతీ నక్షత్రం కోసం చీకట్లో వెతుక్కుంటున్నప్పుడు ట్రాక్టరు వచ్చేది.

అతని దగ్గరే పద్దెనిమిదేళ్ల పాత పికప్పు ఒకటి పడి ఉంది. తండ్రి శ్యామ్‌సుందర్ కొన్న ఆఖరి బండి. తొట్టి అడుగు తుప్పు పట్టి, తొంగి చూస్తే రోడ్డు కనిపించేది. అమ్ముదామంటే మనసొప్పదు, ఉంచుదామంటే పని లేదు. దాన్ని ట్రాలీలు లాగే బండిగా మారుద్దామన్నది విజయేందరే. కాకపోతే అతని లెక్కలో మార్చడమంటే వెనక ఒక హుక్కు వెల్డింగ్ చేయించడం. బిచ్చయ్య లెక్క వేరు.

బిచ్చయ్యకు అరవై మూడేళ్లు. చాదర్‌ఘాట్ నుంచి రోజూ సైకిల్ మీద వస్తాడు. విజయేందర్ నిక్కర్లు తొడుక్కునేనాటికే ఆ షెడ్డులో మెకానిక్. అందుకే సేటూ అంటూనే సేటును తిడతాడు.

"హుక్కు ఒక్కటి పెడితే నీ బండి మొదటి ఎక్కుడు మీదనే నడుము ఇరగ్గొట్టుకుంటది. చేస్తే పూర్తిగ చేద్దాం. లేకుంటే నన్ను అడగకు."

చివరికి బిచ్చయ్య మాటే నెగ్గింది. మార్పులకు పర్మిషన్ కోసం విజయేందర్ ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే, షెడ్డులో బిచ్చయ్య బండి చుట్టూ తిరిగాడు. రెండు నెలలు పట్టింది.

తొట్టి పోయింది. ఛాసిస్ దూలాలు రెండింటికీ లోపలివైపు ఇనుప పట్టీలు పడ్డాయి. వెనక కుదుపులు మోసే కమాన్ కట్టల్లో అదనంగా రెండేసి పట్టీలు చేరాయి. వెనక ఇరుసు డబ్బా విప్పి లోపలి పళ్ల చక్రాలు మార్చేశాడు. "ఇగ అరవై దాటి ఉరకదు. గోడకు కట్టినా గుంజుతది" అన్నాడు. రేడియేటర్ పెద్దదైంది. తొట్టి పోవడంతో వెనక భాగం తేలికైపోయింది. తేలిక బండి చక్రాలు వాన రోడ్డు మీద గిర్రున తిరుగుతాయే తప్ప నేలను పట్టవు. అందుకని సరిగ్గా వెనక ఇరుసు మీద బరువు పడేలా ఒక ఇనుప పెట్టె బిగించి, దాని నిండా విరిగిన లేతు మెషిన్ ముక్కలు కూరాడు.

బండికీ ట్రాలీకీ మధ్య లంకె ఒక పిన్ను. లారీ ఇరుసు ముక్క తెచ్చి, లేతు మీద తిప్పించి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి చేసిన పిన్ను. బొటనవేలికి రెట్టింపు లావు. దాన్ని బిచ్చయ్య తన దస్తీతో తుడిచి మరీ విజయేందర్ చేతిలో పెట్టాడు.

ఆఖరి రోజు ట్రాలీ బ్రేకు లీవరు నుంచి బండి ఛాసిస్‌కు ఒక సన్నటి ఉక్కు తీగ బిచ్చయ్య కడుతుంటే విజయేందర్‌కు నవ్వొచ్చింది.

"గిదేంది కాకా, కుక్కపిల్లకు కట్టినట్టు?"

"ట్రాలీ ఊడిందనుకో, గీ తీగ లీవర్‌ను గుంజుతది. ట్రాలీ బ్రేకు పడతది. పడ్డది మళ్ల మనం లేపేదాక లేవదు."

"ఊడుతదని నువ్వే అంటున్నవా? పిన్ను చేసింది నువ్వే గద?"

"చేసింది నేనే. పెట్టేది నువ్వు గద సేటూ."

ఆ మాటకు షెడ్డులో అందరూ నవ్వారు. విజయేందర్ కూడా నవ్వాడు.

నవ్వడానికి అదే ఆఖరి రోజు. మర్నాడే అతని కూతురు సంహితకు ఏడో నెల నిండగానే నొప్పులు వచ్చాయి. ఆబిడ్స్‌లో, ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న నర్సింగ్ హోంలో ఆడపిల్ల పుట్టింది. కిలో మూడు వందల గ్రాములు. అరచేయి చాచితే అందులో పట్టేంత. పిల్లను అద్దాల పెట్టెలో పెట్టి, ముక్కుకు గొట్టం తగిలించి, మిషన్‌తో ఊపిరి అందిస్తున్నారు. పది రోజులు గడిస్తే గండం గడిచినట్టేనంది డాక్టర్ అక్షిత.

మహానవమి నాటికి ఎనిమిది రోజులయ్యాయి.

నవమినాడు ఆ ఇంట్లో ఆయుధ పూజ. తాత కాలం నుంచీ ఒక పద్ధతుంది. షెడ్డులో ముఖ్యమైన పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఇంట్లో అమ్మవారి పటం ముందు ఉంచుతారు. దశమినాడు హారతి ఇచ్చేదాకా వాటిని ముట్టరు. ఆ ఒక్క రోజు పని బంద్.

విజయేందర్ ప్రతి ఏడూ పెద్ద పానా పెట్టేవాడు. ఈసారి బండి హుక్కులోంచి పిన్ను పీకి తెచ్చాడు. దానికి పసుపు దారం చుట్టాడు. పటం ముందు పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదిలించాడు. ఏం మొక్కుకున్నాడో భార్య విమల అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వాన మొదలైంది. అక్టోబరులో కురవకూడని వాన. గంటలో సందు వాగయింది. రెండింటికి నాంపల్లి మొత్తం కరెంటు పోయింది.

మూడు గంటల ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది.

"విజయేందర్ గారూ, నేనండీ, నర్సింగ్ హోం నుంచి ప్రసన్నకుమార్‌ని." ఆయన అక్కడ మేనేజరు. కాకినాడ నుంచి తాతల నాడే వచ్చిన కుటుంబం, మాట మాత్రం ఇప్పటికీ గోదారి గట్టు మీదే ఉంది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి గబగబా మాట్లాడుతున్నాడు. "మా సెల్లార్లోకి నాలా నీళ్లు వచ్చేశాయండీ. జనరేటర్ మునిగిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదంటున్నారు. పైన పిల్లల ఐసీయూ బ్యాటరీ మీద నడుస్తోంది."

"ఎంతసేపు ఆగుతది?"

"గంటండీ. మహా అయితే గంటా ఐదు నిమిషాలు. ఆరుగురు పిల్లలున్నారు. అంబులెన్సులు నీళ్లల్లో ఇరుక్కుపోయాయి. ఈ వానలో చేతుల మీద మోసుకెళ్లలేమండీ. మీ మనవరాలు కూడా..."

విజయేందర్ అప్పటికే చెప్పులు వదిలేసి ఇంటి పక్కనే ఉన్న షెడ్డులోకి పరుగెత్తుతున్నాడు.

బిచ్చయ్య పూజ భోజనానికి వచ్చి వాన వల్ల అక్కడే ఆగిపోయాడు. విషయం వినగానే అరవై రెండు కేవీఏ జనరేటర్ ఉన్న ట్రాలీ దగ్గరికి వెళ్లి డీజిల్ చూశాడు. నిండుగా ఉంది. కేబుల్ చుట్ట ట్రాలీ మీద వేశాడు. విజయేందర్ బండిని రివర్స్ తెచ్చి ట్రాలీ ముక్కుకు ఆనించాడు. హుక్కు రంధ్రం, ట్రాలీ కొండీ సరిగ్గా ఒకదాని మీదకి ఒకటి వచ్చాయి.

"పిన్ను?" బిచ్చయ్య చెయ్యి చాచాడు.

విజయేందర్ బండి దిగి నిలబడిపోయాడు.

"పూజల ఉంది కాకా."

"అయితే ఏంది? నేను తెస్త, నువ్వు ఇంజన్ బంద్ చెయ్యకు."

"ముట్టకు!"

ఆ అరుపుకు బిచ్చయ్య వెనక్కి తిరిగాడు. పద్దెనిమిదేళ్ల బండి దడదడలాడుతోంది. రేకుల మీద వాన దరువేస్తోంది.

"పిల్ల మీద మొక్కి పెట్టిన కాకా. రేపు హారతిచ్చేదాక తియ్యనని మొక్కిన. ఇయాల తీస్తే... పిల్లకు ఏమన్నా అయితే?"

"తియ్యకుంటే ఏమయితదో ఎరుకనా?"

"కిలోమీటరే గద. బోల్టు పెడదాం." విజయేందర్ డబ్బాలో చెయ్యి పెట్టి అందిన లావాటి బోల్టు తీశాడు. "గిది సరిపోతది."

బిచ్చయ్య బోల్టు అందుకుని చూశాడు. వేలితో మర మీద రాశాడు. "గిది రేకులు బిగించే మెత్త ఇనుము. చదును రోడ్డు మీద ఆగుతది. నర్సింగ్ హోం సందుల ఎక్కుడు ఉన్నది. ఆడ ఆగదు."

"కాకా, నీ కాళ్లు మొక్కుత. టైం లేదు."

ఆ మాట నిజం. వాదించడానికీ టైం లేదు. బిచ్చయ్య బోల్టు దూర్చి, నట్టు బిగించాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఆ సన్నటి ఉక్కు తీగను ఛాసిస్‌కు తగిలించి, రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

మూడూ ఇరవై రెండు.

స్టేషన్ రోడ్డు మీద కార్లు తేలుతున్నట్టు నిలబడి ఉన్నాయి. స్కూటర్లను జనం తోసుకుంటూ పోతున్నారు. పికప్పు మాత్రం మోకాలి లోతు నీళ్లను ముక్కుతో చీల్చుకుంటూ కదిలింది. రెండో గేరు దాటలేదు. వెనక ట్రాలీ గునగునా వస్తోంది. ఇనుప పెట్టె బరువుకు చక్రాలు నేలను కరిచి పట్టుకున్నాయి. ఒక ఆటో డ్రైవర్ తల బయట పెట్టి అరిచాడు: "అన్నా, పడవ భలే ఉందే! కిరాయికి ఇస్తవా?"

విజయేందర్‌కు వినిపించలేదు. అతని చెవిలో ఫోన్ మోగుతోంది.

"డాడీ, ఏడ ఉన్నవ్?" సంహిత. ఏడవట్లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "నర్సులు అందరు రెడీగ నిలబడ్డరు. బ్యాటరీ అయిపోతే చేత్తోనే గాలి బుడ్డ ఒత్తుతరంట. ఆరుగురు పిల్లలు డాడీ, నర్సులు నలుగురే. మా ఆయన మందులకని పోయి నీళ్లల్ల ఏడనో ఆగిపోయిండు."

"వస్తున్న బిడ్డా. ఆబిడ్స్ వచ్చేసింది."

"తొందరగ రా." ఫోన్ పెట్టేసింది.

మూడూ ముప్పై నాలుగుకు నర్సింగ్ హోం సందు మొదట్లోకి వచ్చారు. ఆ సందు మొదట తాబేలు వీపులా పైకి లేస్తుంది. నడి మధ్య నుంచి కిందికి జారుతుంది. జారిన చివర నర్సింగ్ హోం. నీళ్లన్నీ అక్కడికే చేరాయి. ట్రాలీని మిట్ట మీదికి ఎక్కిస్తే చాలు. అక్కడి నుంచి కేబుల్ అందుతుంది. సందు అంచుల్లో, షాపుల మెట్ల మీద, గొడుగుల కింద రోగుల బంధువులు నిలబడి ఉన్నారు. బండిని చూడగానే ఒక కేక లేచింది. ప్రసన్నకుమార్ మిట్ట మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

విజయేందర్ మొదటి గేరులో వేశాడు. బండి మూలిగింది. ఎక్కుతోంది. పది గజాలు. ఇరవై. ముప్పై.

టప్.

చిన్న చప్పుడు. సోడా మూత తీసినట్టు. బండి ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది.

అద్దంలో విజయేందర్ చూసింది జన్మలో మరిచిపోలేడు. టన్నున్నర జనరేటర్ ట్రాలీ వెనక్కి వెళ్తోంది. దాని వెనక, ఐదారు గజాల్లోనే, సంకలో పసివాణ్ని ఎత్తుకున్న ఒక ఆడమనిషి. ఆమె పక్కన వీల్ చెయిర్లో ముసలాయన.

అతని కాలు బ్రేకు మీద పడింది.

ఉక్కు తీగ బిగిసింది. వీణ తీగ మీటినట్టు ఒక నాదం వచ్చింది. లీవరు ఠంగుమని పడింది, తీగ తెగి పాములా ఎగిరింది. ట్రాలీ చక్రాలు నాలుగూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. బురదలో రెండు గజాలు జారింది. మూడు. ఆగింది.

వీల్ చెయిర్‌కూ ట్రాలీకీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు మిగిలింది.

అప్పటికే బిచ్చయ్య బండిలోంచి దూకేశాడు. "ఎనక ఎవ్వరు నిలబడొద్దు! జరగున్రి! రాళ్లు తెండ్రి, రాళ్లు!" అని అరుస్తూ పరుగెత్తాడు. జనం షాపుల మెట్ల పక్కనున్న బండరాళ్లు మోసుకొచ్చి చక్రాల కింద పెట్టారు. ఎవరో నలుగురు తోద్దామని చేతులు వేస్తే బిచ్చయ్య వాళ్ల చేతుల మీద కొట్టాడు. "చస్తరు! టన్నున్నర అది! తోపుడు బండి అనుకున్నరా?"

విజయేందర్ దిగి వచ్చాడు. హుక్కులో సగం బోల్టు మిగిలి ఉంది. విరిగిన చోట తెల్లగా మెరుస్తోంది. ట్రాలీ చక్రం పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

"కాకా, నేనే చేసిన. నేను చేతులారా..."

"లే విజ్జూ." బిచ్చయ్య ఇరవై ఏళ్ల తర్వాత అతన్ని ఆ పేరుతో పిలిచాడు. "ఏడుసుడు తర్వాత. పిన్ను కావాలె. ఇంటికి ఫోన్ చెయ్."

మూడూ నలభై. ప్రసన్నకుమార్ పరుగెత్తుకొచ్చాడు. "ఇక్కణ్నుంచి కేబుల్ అందదా అండీ?"

"అందదు. నలభై గజాలు తక్కువ," అన్నాడు బిచ్చయ్య.

విజయేందర్ నంబరు నొక్కాడు. విమల ఎత్తింది. అవతల వాన హోరు, హారన్ల మోత.

"విమలా... పూజల ఉన్న పిన్ను..."

"నా చేతులనే ఉంది."

అతనికి అర్థం కాలేదు. "ఏంది?"

"మీరు పోంగనే పూజ గదిలకు పోయిన. పటం ముందల పిన్ను అట్లనే ఉంది. ఇది ఇక్కడుంటే ఆడ బండికి ఏం పెట్టుకుపోయినవయ్యా? అమ్మవారిని అడిగిన, తీసుకపోత తల్లీ అని. తీసుకున్న. నడుస్తున్న. జీపీఓ దాటిన. ఫోన్ పెట్టు, కాలు జారుతది."

విజయేందర్ సందు మొదటివైపు చూశాడు. కిలోమీటరు. మోకాలి లోతు నీళ్లు. యాభై రెండేళ్ల మనిషి. తను ఏ పిన్నును ముట్టవద్దని అరిచాడో, అదే పిన్ను ఆమె చేతిలో ఉంది.

మూడూ నలభై తొమ్మిది. సందు మొదట్లో జనం పక్కకు తప్పుకున్నారు. విమల వచ్చింది. చీర మోకాళ్ల దాకా ఎగదోసి దోపుకుంది. కాళ్లకు చెప్పుల్లేవు, ఎక్కడో నీళ్లలో కొట్టుకుపోయాయి. రెండు చేతులతో గుండెకు అదుముకుని పట్టుకుంది పిన్నును. పసుపు, కుంకుమ కరిగి జాకెట్టంతా ఎర్రగా కారాయి. ఒక ముసలామె చూసి "అయ్యో, రక్తం!" అని గుండె బాదుకుంది.

విమల ఎవరి వైపూ చూడలేదు. పిన్ను నేరుగా బిచ్చయ్య చేతిలో పెట్టింది. భర్తతో ఒక్కటే మాటంది.

"నువ్వు స్టీరింగ్ పట్టుకో."

అతను పరుగెత్తాడు.

ఆ తర్వాతి పది నిమిషాలు బిచ్చయ్యవి. బండిని అంగుళం అంగుళం వెనక్కి రప్పించాడు. "ఇంక జర... ఇంక జర... బస్!" కొండీ, హుక్కు కలిశాయి. పిన్ను మెత్తగా, బావిలోకి చెంబు దిగినట్టు దిగింది. బిచ్చయ్య ట్రాలీ బ్రేకు లీవరు మీద చెయ్యి వేసి అరిచాడు. "మొదటి గేరు! ముందల బండిని గుంజనియ్యి. అది పట్టినంక నేను బ్రేకు ఇడుస్త. తొందర పడ్డవనుకో, నేనే చంపుత నిన్ను!"

విజయేందర్ క్లచ్ వదిలాడు. ఇంజన్ ముక్కింది. వెనక చక్రాలు ఒక్క చుట్టు జారాయి. ఇరుసు మీది లేతు ముక్కల బరువు దిగబడింది. చక్రాలు పట్టాయి. మార్చిన పళ్ల చక్రాల బలం అప్పుడు తెలిసింది. బండి ఉరకలేదు, ఊగలేదు. ముసలి ఎద్దు బురద మడిలో నడిచినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కింది. నలభై గజాలు. ముప్పై. ఇరవై. పక్కన విమల నడుస్తోంది. వెనక జనం రాళ్లు చేతుల్లో పట్టుకుని, ఒక్కో అడుగుకూ చక్రాల వెంట నడుస్తున్నారు, జారితే పెట్టడానికి.

మిట్ట ఎక్కింది.

కేబుల్ చుట్ట విప్పుకుంటూ చిన్నా పెద్దా పదిమంది నడుము లోతు నీళ్లలోంచి నర్సింగ్ హోం మెట్ల దాకా పోయారు. కేబుల్ తడవకుండా చేతులు పైకెత్తి వరసగా నిలబడ్డారు. మెట్ల మీది స్విచ్ బోర్డు దగ్గర ప్రసన్నకుమార్ స్వయంగా వైర్లు బిగించాడు. ఆయన పూర్వాశ్రమంలో ఎలక్ట్రీషియనట, ఆ రోజే అందరికీ తెలిసింది. "వెయ్యండీ!" అని కేక పెట్టాడు.

బిచ్చయ్య మీట నొక్కాడు. జనరేటర్ దగ్గింది. మళ్లీ నొక్కాడు. అందుకుంది.

నాలుగు గంటల నాలుగు నిమిషాలకు నర్సింగ్ హోం రెండో అంతస్తు కిటికీల్లో వెలుగొచ్చింది. సందంతా ఈల వేసింది.

విజయేందర్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఈసారి బిచ్చయ్య అడ్డు చెప్పలేదు.

సాయంత్రం అతను పైకి వెళ్లాడు. ఐసీయూ అద్దం ముందు సంహిత వీల్ చెయిర్లో కూర్చుని ఉంది. లోపల పెట్టెలో పిల్ల పొట్ట పిట్టపొట్టలా కదులుతోంది. బ్యాటరీ ఆరు నిమిషాలు మిగిలి ఉండగా కరెంటు అందిందని డాక్టర్ అక్షిత చెప్పి వెళ్లింది. ఆ ఆరు నిమిషాలు విజయేందర్ గుండెలో ముల్లులా గుచ్చుకున్నాయి.

"సంహితా, నీకొకటి చెప్పాలె. ఆలస్యం నా వల్లనే అయింది. పిన్ను పూజల పెట్టి..."

"ఎరుకే. అమ్మ తడిబట్టల్తోనే వచ్చి చెప్పింది."

"కోపం లేదా?"

"ఉంది. మస్తుంది." ఆమె అద్దంలోంచి చూపు తిప్పలేదు. "రేపెప్పుడన్న తీరికగ తిడత. ఇయాల టైం లేదు." ఆగి, అతని తడి చొక్కా చేతిని లాగి బుగ్గకు ఆనించుకుంది. "బిచ్చయ్య తాత తిన్నడా ఏమన్న?"

బిచ్చయ్య తినలేదు. ట్రాలీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సందులో ఆడవాళ్లు అరడజను టిఫిన్ డబ్బాలు తెచ్చి అతని చుట్టూ పెట్టారు. పులిహోర, దద్దోజనం, ఎవరింటివో బొబ్బట్లు. "ఒక్క కడుపు తల్లీ నాది, ఆరు కడుపులు కాదు," అని వాళ్లతో జోకులేస్తున్నాడు. విజయేందర్‌ను చూడగానే, "డీజిల్ తెప్పియ్యి. పొద్దుటిదాక నడవాలె," అన్నాడు.

వీల్ చెయిర్ ముసలాయన అటుగా వెళ్తూ ఆగాడు. విజయేందర్ వంగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయనకు సంగతి అర్థం కాలేదు. చెయ్యి వదిలించుకుని అతని తల నిమిరి పోయాడు.

దశమినాడు మధ్యాహ్నానికి నీళ్లు తీశాయి, కరెంటు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి డాక్టర్ అక్షిత పిల్ల ముక్కు గొట్టం తీసి చూసింది. పది నిమిషాలు చూసింది. అరగంట చూసింది. మళ్లీ పెట్టలేదు.

దసరా పూట జమ్మి ఆకు మొదట ఇంటి పెద్ద చేతిలో పెట్టి మొక్కడం ఆనవాయితీ. తండ్రి పోయాక విజయేందర్ ఇంట్లో అతనే పెద్ద, అందరూ వచ్చి అతనికే మొక్కేవాళ్లు. ఆ సాయంత్రం అతను జమ్మి ఆకు జేబులో వేసుకుని, విమలను తీసుకుని చాదర్‌ఘాట్ వెళ్లాడు.

ఇరుకు గల్లీలో, రెండు గదుల ఇంట్లో, బిచ్చయ్య బనీనుతో కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. నిన్నంతా నీళ్లలో నిలబడి పాదాలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. సేటును గడపలో చూసి కంగారుగా చొక్కా కోసం వెతికాడు.

విజయేందర్ జమ్మి ఆకు అతని నూనె చేతిలో పెట్టాడు. వంగి, ఆ ఉబ్బిన పాదాలకు తల ఆనించాడు. పక్కన విమల కూడా వంగింది.

"అరె, ఏంది సేటూ గిది! లే, లే! నాకు మొక్కుడేంది?"

"గొట్టం తీసేసిన్రు కాకా," అన్నాడు విజయేందర్, తల ఎత్తకుండానే. "పిల్ల సొంతంగ ఊపిరి తీసుకుంటున్నది."

బిచ్చయ్య జమ్మి ఆకును కళ్లకద్దుకున్నాడు. లోపలి గది వైపు తిరిగి భార్యను కేకేశాడు.

"ఏమే, చాయ్ పెట్టు! జర చక్కెర ఎక్కువెయ్యి!"